అమ్మవారు గుడికి చేరడం అసాధ్యమని నేను నిరూపించిన వైనం

నూకాలమ్మ తల్లి తన గుడికి తాను తిరిగి చేరుకోవడం గణితశాస్త్రం ప్రకారం అసాధ్యమని, మైకులో, కాలనీ మొత్తానికీ వినబడేలా ప్రకటించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూసుకోండి. ఆ ఘనకార్యం జరిగి పన్నెండేళ్ళయింది. ఇప్పటికీ నేను కూరలకని బజారుకెళితే, "టీచరమ్మా, ఇంటికి తిరిగెళ్ళడానికి దారుందో లేదో లెక్క కట్టుకున్నావా?" అని అడిగేవాళ్ళున్నారు.

కాలనీ పేరు మాత్రం చెప్పను. పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూర్ పోయే వైపు, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. అంతవరకే. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వస్తూ వలలూ, తెడ్లూ, నూకాలమ్మ తల్లినీ వెంట తెచ్చుకున్నారట. వాళ్ళకి సముద్రం అమ్మ ఒడి. నాకు మాత్రం కడుపులో తిప్పుడు. ద్వీపంలో పుట్టి సముద్రం పడని మనిషిని మీరు చూసి ఉండరు. మెయిన్‌ల్యాండ్‌లో డిగ్రీ చదివి విశాఖపట్నం నుంచి ఓడలో ఇంటికొచ్చిన మూడు రోజులూ నేను ఒక బకెట్‌తోనే స్నేహం చేశాను. ఆ బకెట్ రంగు కూడా గుర్తుంది, ఆకుపచ్చ.

ముందు మా పండగ పద్ధతి చెప్పాలి. లేకపోతే నా ప్రతిభ మీకు పూర్తిగా అర్థం కాదు. ఏడాదికోసారి అమ్మవారి ఘటాన్ని ఎత్తుకుని కాలనీ అంతా తిప్పుతాం. గుడి దగ్గర బయల్దేరి గుడికే రావాలి. ఏ వీధినీ వదలకూడదు. తొక్కిన వీధిని ఆ రోజు మళ్ళీ తొక్కకూడదు. ఈ ఆఖరిది మరీ ముఖ్యం. అమ్మవారు ఒక వీధిలో నడిస్తే అక్కడి జబ్బూ జాడ్యం అంతా మూటగట్టుకుని పోతుందని మావాళ్ళ నమ్మకం. మళ్ళీ అదే వీధిలోకొస్తే ఆ మూట తెచ్చి అక్కడే విప్పినట్టు!

నలభై ఏళ్ళుగా ఊరేగింపు ముందు బెత్తం పట్టుకుని దారి చూపించింది అప్పన్న తాత. ప్రభుత్వ పడవల్లో సారంగుగా, అంటే పడవ నడిపే పెద్దగా, పనిచేసి దిగినవాడు. చదువు సంతకం వరకే. ఆ ఏడు తాతకి మోకాలి ఆపరేషన్ అయింది, నడవకూడదన్నారు. సరిగ్గా అప్పుడే నేను డిగ్రీ కాగితం పట్టుకుని ఊళ్ళో దిగాను, బడిలో లెక్కల టీచర్‌గా చేరాను. ఇక చూడండి.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో మాకు గ్రాఫ్ థియరీ అని ఒక పేపరు ఉండేది. అందులో ఒక కథ విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో యూరప్‌లో కోనిగ్స్‌బర్గ్ అని ఒక ఊరు. ఊరి మధ్యలో నది, నదిలో లంక, మొత్తం ఏడు వంతెనలు. ఏ వంతెనా రెండోసారి దాటకుండా ఏడూ దాటి రాగలమా అని ఆ ఊరి జనానికి తగువు. ఒక లెక్కల పండితుడు వేరే ఊళ్ళో తన గదిలో కూర్చుని, "కుదరదు" అని తేల్చేశాడు. నది వెడల్పు అడగలేదు, వంతెన పొడుగు అడగలేదు. ఏ చోటికి ఎన్ని దారులు తగులుతున్నాయి, అంతే చూశాడు. ఒక చోటికి ఒక దారిన వస్తే ఇంకో దారిన పోవాలి కదా. కాబట్టి దారులు జతలుగా ఖర్చవుతాయి. ఎక్కడైనా బేసి సంఖ్యలో దారులుంటే అక్కడ జత కుదరదు, మనిషి ఇరుక్కుపోతాడు. ఒక సాయంత్రపు షికారు తగువులోంచి ఒక కొత్త శాస్త్రం పుట్టుకొచ్చింది! ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఒళ్ళు జలదరిస్తే ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. అమ్మ గోల్ ఘర్ బజారుకి కొత్తిమీర కోసం పంపిస్తే, ఒక్క సందూ రెండోసారి తొక్కకుండా బజారంతా చుట్టొచ్చి, "అమ్మా, సాధించాను!" అని వట్టి సంచీ చేతిలో పెట్టాను.

"కొత్తిమీరేదే?"

"ఆ కొట్టు తొక్కిన సందులో ఉందమ్మా."

అమ్మ ఆ సంచీని తిరగేసి దులిపింది. "చదువు బాగా ఎక్కీసింది తల్లీ నీకు. దిగడానికి మందేటో కనుక్కోవాల," అంది.

పండగ పది రోజులుందనగా కమిటీ మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు రాజు భయ్యా, ఫోన్ల దుకాణం ఆయనది. కొత్తది ఏది కనిపించినా ఆయనకి ముచ్చటే. "ఈసారి దారి సంగతి సరళ టీచర్ చూసుకుంటుంది. మాడ్రన్‌గా ఉండాల. ఠీక్ హై?" అన్నాడు. నేను బడి నుంచి నల్లబల్ల కూడా మోయించుకొచ్చాను. నాలుగు చుక్కలు పెట్టాను: గుడి, నీళ్ళ ట్యాంకు, జెట్టీ, వలల షెడ్డు. వాటి మధ్య మా వీధులన్నీ గీతలుగా గీశాను. ఎన్ని? ఏడు! ఏడు వంతెనలు, ఏడు వీధులు! అమ్మవారు నాకోసమే ఈ కాలనీ కట్టించిందనిపించింది. గౌరవంగా ఉంటుందని బల్ల అంచున సముద్రాన్ని నీలం సుద్దతో నింపాను. చాలా చక్కగా వచ్చింది. ఆ నీలం గుర్తు పెట్టుకోండి.

"చూడండి," అన్నాను గొంతు సవరించుకుని. "గుడి దగ్గర నాలుగు వీధులు, సరి. ట్యాంకు దగ్గర నాలుగు, సరి. జెట్టీ దగ్గర?"

"మూడు," అన్నారు ముందు వరసలో.

"మూడు! ఒకదాంట్లో వస్తాం, రెండో దాంట్లో పోతాం, మూడో దాంట్లో మళ్ళీ వస్తాం. ఆ తర్వాత?"

వెనక కూర్చున్న పైడమ్మ మామ్మ చెయ్యెత్తింది. అప్పన్న తాత భార్య ఆవిడ. "అమ్మా సరళా, మరి జెట్టీ కాడ..."

"మామ్మా, ప్రశ్నలు ఆఖర్న."

మామ్మ చెయ్యి దించింది. నేను వలల షెడ్డు దగ్గరా మూడే అని చూపించాను. మామ్మ మళ్ళీ చెయ్యెత్తింది. నేను మళ్ళీ ఆఖర్నన్నాను. అలా మూడుసార్లు.

"అంచేత," అని సుద్దముక్క బల్లమీద టకామని కొట్టి, "నియమాలన్నీ పాటిస్తూ ఈ ఊరేగింపు జరగడం అసాధ్యం! ఇన్నేళ్ళూ ఎక్కడో ఒక వీధి తప్పిపోతూనే ఉంది. లేదా తొక్కిందే తొక్కుతున్నారు. ఎవరూ గమనించలేదు," అన్నాను.

అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న అప్పన్న తాత మెల్లగా తలెత్తాడు.

"నలబయ్యేళ్ళు తిప్పినాను. ఎక్కడా తప్పనేదు," అన్నాడు.

"తప్పింది తాతా. నీకు తెలీలేదు, అంతే. ఇది లెక్క. లెక్క అబద్ధం చెప్పదు."

ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నా నోటిమీద నాకే ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది. కానీ ఆ రోజు? ఆ రోజు నేను పండితురాలిని. "మరేం చేద్దాం దీదీ?" అని రాజు భయ్యా అడగ్గానే డస్టరు తీసి, జెట్టీకీ వలల షెడ్డుకీ మధ్యనున్న గట్టు వీధిని ఒక్క తుడుపు తుడిచేశాను. "ఈ ఒక్క వీధీ వదిలేస్తే జెట్టీ దగ్గర రెండు, షెడ్డు దగ్గర రెండు. అన్నీ సరి! దారి పక్కా!" కుర్రకారు చప్పట్లు కొట్టారు. టీ వచ్చింది. ప్రశ్నలకి టైము మిగల్లేదు.

గట్టు వీధిలో ఉన్నవి తొమ్మిది ఇళ్ళు. మొదటి ఇల్లు అప్పన్న తాతది.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ మామ్మ మా ఇంటికొచ్చింది. తాత బెత్తం తెచ్చి మా గుమ్మం పక్కన ఆనించింది.

"ఇక నీదేనంటమ్మా. రేతిరి నుంచి తిండి ముట్టనేదు ఆయన. 'నా సేతుల మీదుగా ఇన్నేళ్ళు అమ్మోరు తప్పుదారిని తిరిగిందేటే పైడీ' అని ఒకటే మాట." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "పెళ్ళయి ఆ ఇంట్లో అడుగెట్టినకాడ్నుంచి అమ్మోరి పాదాల కాడ పసుపు నీళ్ళు పోత్తన్నాను. ఈ ఏడు మా గుమ్మం కాడికి రాదేటమ్మా? ఆయన కాలు బాగవ్వాలని మొక్కుకున్నాను కూడాను."

నా గుండె కలుక్కుమంది. నిజం చెబుతున్నాను, కలుక్కుమంది. కానీ డిగ్రీ ఊరుకోనివ్వలేదు. "మామ్మా, నాకు మాత్రం ఇష్టమా? లెక్క ఒప్పుకోవడం లేదు," అన్నాను. వెనక నుంచి అమ్మ, "ఆ లెక్కని ఒకసారి ఇంటికి పిలు, నాను మాట్లాడతాను," అంది.

పండగ రోజు మధ్యాహ్నం. మా ద్వీపాల్లో ఐదు దాటితే చీకటి పడిపోతుంది కాబట్టి ఎండలోనే బయల్దేరతాం. డప్పులు, వేపమండలు, ఘటం, వాటన్నిటి ముందు నేను. ఒక చేతిలో ప్లాస్టిక్ అతికించిన మ్యాపు, ఇంకో చేతిలో మైకు. మ్యాపులో సముద్రం ఇంకా బాగా నీలం. గుడి నుంచి ట్యాంకుకి, వేరే వీధిలో ట్యాంకు నుంచి గుడికి, గుడి నుంచి జెట్టీకి వచ్చాం. ఒక్కో వీధీ అవగానే స్కెచ్‌పెన్నుతో కొట్టేస్తున్నాను. జెట్టీ దగ్గర ఒక డింగీ, మోటారు బిగించిన చిన్న పడవ, బంతిపూలతో, మామిడాకులతో ముస్తాబై కట్టి ఉంది.

"ఈ డింగీ ఎవరిది? ఊరేగింపు టైములో దారికి అడ్డంగా పెట్టారేమిటి?" అని మైకులో కసిరాను.

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. రాజు భయ్యా ఏదో అనబోయి, "మేడం లెక్కలో అది ఎక్కడో ఉంటాదిలే," అని ఊరుకున్నాడు. నేను జనాన్ని ట్యాంకు వైపు మళ్ళించాను, అక్కడి నుంచి వలల షెడ్డుకి. ఐదు వీధులయ్యాయి. ఇక షెడ్డు నుంచి గుడికి ఆరో వీధి. దాంతో నా విజయం సంపూర్ణం.

షెడ్డు దగ్గర, గట్టు వీధి మొదట్లో, ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో అప్పన్న తాత, మోకాలికి పట్టీ. పక్కన పసుపు నీళ్ళ బిందెతో పైడమ్మ మామ్మ. డప్పులు ఆగిపోయాయి.

"టీచరమ్మా," అన్నాడు తాత. "నాను నడవనేను. ఈ కుర్సీలోనే మోయించుకుంటాను. ఇక్కడ్నుంచి దారి నాను సెప్తాను, నువ్వు కాయితం సూసుకుంటా రా. ఏ ఈదైనా రెండోసారి తొక్కినానంటే అక్కడే ఆపీ. మరి జన్మలో బెత్తం ముట్టను."

"తాతా, ఇది మూడు వందల ఏళ్ళ నాటి లెక్క. నువ్వు ఓడిపోతావు."

"ఓడిపోతే ఓడిపోతాను. సలో!"

నలుగురు కుర్చీ ఎత్తారు. ఊరేగింపు గట్టు వీధిలోకి తిరిగింది. మామ్మ తన గుమ్మం ముందు ఘటం మోస్తున్నవాడి పాదాల మీద పసుపు నీళ్ళు పోసి, అలాగే నిలబడి ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి. అయినా స్కెచ్‌పెన్ను మూత తీసి గట్టు వీధిని కొట్టేశాను. పండితులు ఏడుస్తూ కూడా లెక్క మానరు మరి.

వీధి చివర మళ్ళీ జెట్టీ. నేను మ్యాపు చూశాను. చూసి, మైకు నోటికి ఆనించాను. ఇక్కడి నుంచి వినండి.

"ఆగండి! అందరూ ఇక్కడే ఆగండి! జెట్టీ దగ్గర మూడు వీధులూ తొక్కేశాం. తొక్కనిది వలల షెడ్డు నుంచి గుడికి వెళ్ళే వీధి ఒక్కటే. ఆ షెడ్డుకి వెళ్ళాలంటే తొక్కిన వీధే తొక్కాలి! తాతా, నేను చెప్పానా? ఇరుక్కుపోయాం! అమ్మవారు గుడికి తిరిగి చేరడం అసాధ్యం! ఇంతటితో నిరూపణ పూర్తయింది!"

ఆ మాటలు సముద్రం మీదికి పోయి అవతలి గట్టుకి తగిలి మళ్ళీ వచ్చాయి. 'పూర్తయింది, పూర్తయింది' అని వినబడింది. చప్పట్ల కోసం ఆగాను. వెనక టపటపమని చప్పుడు. చప్పట్లు కాదు, డింగీ మోటారు.

"జరా జరగండి దీదీ," అన్నాడు ఘటం మోస్తున్నతను మర్యాదగా. "అమ్మోరు పడవెక్కాల."

తిరిగి చూశాను. తాత అప్పటికే డింగీ వెనక కూర్చుని చుక్కాని పట్టుకున్నాడు. మోకాలు చెడితే చెడింది గానీ చేతులకేం. జెట్టీ నుంచి వలల షెడ్డుకి, నీళ్ళ మీదుగా. ఏటేటా పోయే దారే. షెడ్డు నుంచి గుడికి, తొక్కని ఆ ఒక్క వీధిలో.

నేను మ్యాపు చూశాను. నీలం రంగు చూశాను. అంత శ్రద్ధగా, అంచులు దాటకుండా రంగు వేసిన నాకు, దాని మీద ఒక్క గీత గీయాలని తోచలేదు.

మీరడుగుతారు, నాకు తెలుసు: చిన్నప్పుడు ఏటేటా నువ్వూ ఆ పడవెక్కావు కదమ్మా, మరిచిపోయావా? ఎక్కాను. ఎక్కిన క్షణం నుంచి కళ్ళు గట్టిగా మూసుకుని, దిగాక తెరిచేదాన్ని. నా దృష్టిలో ఊరేగింపు జెట్టీ దగ్గర ఆగిపోయి, నాకు వాంతులయ్యాక, షెడ్డు దగ్గర మళ్ళీ మొదలయ్యేది. అది నాకు దారి కాదు, శిక్ష. ఆ పండితుడు ఊళ్ళో అడుగుపెట్టకుండా, గదిలో కూర్చునే సరిగ్గా చెప్పాడు. నేను ఊళ్ళో పుట్టి, పెరిగి, నీళ్ళ ఒడ్డున నిలబడి తప్పు చెప్పాను!

"మరి మీరంతా మీటింగులో ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాను రాజు భయ్యాతో.

"ఆ సుక్కల్లో ఎక్కడో పడవ కూడా ఉందనుకున్నాం దీదీ. మాకేటి తెలుసు?"

"ఎక్కు టీచరమ్మా," అన్నాడు తాత. "లెక్క పూర్తి సెయ్యవా?"

ఎక్కాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. మ్యాపు ఒళ్ళో పెట్టుకుని, నీలం మీద ఎనిమిదో గీత గీశాను. జెట్టీ దగ్గర మూడూ ఒకటీ నాలుగు. షెడ్డు దగ్గర మూడూ ఒకటీ నాలుగు. గుడి నాలుగు, ట్యాంకు నాలుగు. నాకు పిచ్చి సంతోషం ముంచుకొచ్చింది! ఆ పండితుడి మాటకి రెండో సగం ఒకటుంది: అన్ని చోట్లా సరి సంఖ్యలుంటే, బయల్దేరిన చోటికే తెచ్చే దారి తప్పకుండా దొరుకుతుంది. ఆ రెండో సగానికి పూర్తి నిరూపణ రాయడానికి నూరేళ్ళు పైగా పట్టింది, అదీ ఇంకొకరు రాశారు. ఈ చుక్కలూ గీతల బొమ్మ కూడా ఆ పండితుడు గీసింది కాదు, తర్వాతి వాళ్ళు గీసిందే. మా అప్పన్న తాత మాత్రం బొమ్మా లేకుండా, నిరూపణా లేకుండా నలభై ఏళ్ళుగా ఆ దారిలో అమ్మవారిని నడిపిస్తున్నాడు.

"కుదిరింది! అన్నీ సరే! తాతా, నువ్వు కరెక్ట్! నలభై ఏళ్ళూ కరెక్ట్!" అని పడవలో నిలబడి అరిచాను. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. కాలనీ అంతా విన్నది. గట్టుమీద జనం ఈలలు వేశారు, డప్పులు మోగిపోయాయి. తాత మొహం చూడాలి మీరు! పది రోజులుగా వాడిపోయిన మొహం విప్పారిపోయింది. అంతలో పడవ ఒక్క ఊపు ఊగింది. నా పాండిత్యం, పొద్దున తిన్న పులిహోర, రెండూ సముద్రంలో కలిశాయి. అదీ మైకులోనే.

ఒక చెయ్యి నా వీపు నిమిరింది. మాతోపాటే పడవెక్కిన పైడమ్మ మామ్మ కొంగుముడి విప్పి, సగానికి కోసిన నిమ్మకాయ నా ముక్కు దగ్గర పెట్టింది.

"మీటింగులో ఇదే అడుగుదారని సెయ్యెత్తినానమ్మా, మూడుసార్లు. జెట్టీ కాడ పడవెక్కినప్పుడు ఈ ఏడు కూడా నీకు నిమ్మకాయ తేవాలా అని."

ఆ నిమ్మకాయ వాసనలో నాకు గ్రాఫ్ థియరీ మొత్తం ఒకసారి కొత్తగా అర్థమయింది.

చీకటి పడకముందే అమ్మవారు గుడి చేరింది. వీధులన్నీ ఒక్కొక్కసారి, గట్టు వీధితో సహా. నేను బెత్తం తీసుకెళ్ళి తాత చేతిలో పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టాను. "మంచి కాలికి పెట్టు తల్లీ, అది నొప్పెడతాది," అని నవ్వాడు. ప్రసాదం తింటూ అడిగాడు.

"ఆ ఏడు వంతెనల ఊళ్ళో నది ఉందన్నావు కదా?"

"ఉంది తాతా."

"అంత లెక్క కట్టినాడు గదా మీ పండితుడు. ఆ నదిలో ఒక్క పడవ కూడా నేదేటమ్మా?"

వంతెనల మీదే నడవాలన్నది ఆ ఊరివాళ్ళు పెట్టుకున్న నియమం తాతా అని చెప్పబోయాను. చెబితే, ఆ నియమం పెట్టినవాళ్ళకి సముద్రం తెలీదులే అంటాడు. అందుకే నోరుమూసుకుని ఇంకో పిడికెడు ప్రసాదం పెట్టించుకున్నాను.

కాబట్టి పాఠకులారా, నూకాలమ్మ తల్లి సాక్షిగా, ఆకుపచ్చ బకెట్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ మ్యాపు గీసినా నీలం రంగు ఆఖర్న వేస్తాను, పడవవాళ్ళని అడిగాకే వేస్తాను. మైకు ముట్టను. నా క్లాసులో గానీ, కమిటీలో గానీ ఎవరు చెయ్యెత్తినా నోట్లో మాట ఆపేసి ముందు వాళ్ళ ప్రశ్న వింటాను. చెయ్యెత్తింది నిమ్మకాయ కోసమే అయినా సరే.